సార్‌ని ‘నాన్న లాంటివారు’ అనొచ్చా, ఆయన కొడుకు ఎదురుగా?

కూతగాడు:
వచ్చే నెల మా పీఈటీ సార్ రిటైర్ అవుతున్నారు. జడ్పీ హైస్కూల్, కబడ్డీ. సన్మాన సభలో పాత బ్యాచ్ తరఫున నన్ను మాట్లాడమన్నారు. నేను తొమ్మిదిలో ఉండగా నాన్న పోయారు, ఇక బడి మానేసి మేస్త్రీ పనికి పోదామనుకుంటుంటే సార్ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అమ్మని ఒప్పించి వెళ్లారు. పొద్దున ఐదున్నరకి మేం గ్రౌండ్‌కి వెళ్లేసరికి ఆయన అప్పటికే లుంగీ ఎగ్గట్టుకుని కోర్టులో రాళ్లు ఏరుతూ ఉండేవారు. ప్రాక్టీస్ అయ్యాక స్టీల్ డబ్బాలో ఉడకబెట్టిన గుడ్లు, మనిషికొకటి, పేపర్ పొట్లంలో ఉప్పూ కారం. నాకు ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చినా ఆయన బండి చప్పుడు వింటే చేతిలో సిగరెట్ కింద పడిపోతుంది.

అందుకే ‘సార్ మాకు నాన్న’ అని రాసుకున్నా. మొన్న షామియానా వాడి దగ్గర వాళ్లబ్బాయి కలిశాడు. నవ్వుతూనే అన్నాడు, “మీకు నాన్నే అన్నా. మాకు ఆదివారం మధ్యాహ్నం కనపడేవారు. గుడ్లు కూడా ముందు మీ డబ్బాలోకి, మిగిలితే మాకు.” అప్పట్నుంచి ఆ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు. ఏం చేయమంటారు?

చార్మినార్ వింగర్:
అన్నా, మీ కథ వింటే రహీం సాబ్ గుర్తొచ్చారు. సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాద్‌లో బడి పంతులు, 1950 నుంచి 1963లో పోయేదాకా ఇండియా ఫుట్‌బాల్ కోచ్. సిటీ పోలీస్ టీంతో 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు, ఇండియాకి రెండు ఏషియన్ గేమ్స్ బంగారాలు, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకి ప్రాక్టీస్‌కి రావడానికి బస్సు డబ్బులు కూడా లేకపోతే, అద్దె సైకిల్‌కి ఈయనే డబ్బులిచ్చి రప్పించుకున్నారు. బలరాం పెద్దవాడయ్యాక కూడా ఆ సైకిల్ మాట చెప్పుకునేవాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. 1960 రోమ్ ఒలింపిక్స్ టీంలో రహీం సాబ్ సొంత కొడుకు హకీం కూడా ఉన్నాడు. ఇండియా మూడు మ్యాచ్‌లు ఆడింది, బలరాం హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్స్ కొట్టాడు. హకీంకి ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. సైకిల్ డబ్బులిచ్చిన పిల్లాడు గ్రౌండ్‌లో, ఇంట్లో పిల్లాడు బయట. తప్పని నేననను, ఆటను బట్టే తీసుకుని ఉంటారు. కానీ ఆ రాత్రి తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకుని ఉంటారా అని నాకెప్పుడూ అనిపిస్తుంది. హకీం కూడా తర్వాత కోచ్ అయ్యాడు, ఫిఫా రిఫరీ అయ్యాడు, నాన్న దారి వదల్లేదు.

షటిల్ పిచ్చోడు:
ఈ ‘నాన్న’ మాట మీద నాకు కాస్త డౌటే బ్రో. రియోకి ముందు గోపీచంద్ సింధు ఫోన్ మూడు నెలలు లాగేసుకున్నారు, ఐస్‌క్రీం బంద్. అంతకుముందు కోర్టులో గట్టిగా అరవడం రావాలని అందరి ముందూ నిలబెట్టి, అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారు, పిల్ల ఏడ్చేసింది. 2016లో వెండి పతకం వచ్చింది కాబట్టి ఇప్పుడు మురిసిపోతూ చెప్పుకుంటున్నాం, రాకపోయుంటే? పైగా ఆ అమ్మాయికి సొంత నాన్న లేక కాదు, రమణ గారు ఏషియన్ గేమ్స్ వాలీబాల్ ఆడిన మనిషి. సైనా 2014లో బెంగళూరు వెళ్లిపోయి 2017లో తిరిగొచ్చింది, సింధు టోక్యోకి కొరియా కోచ్‌తో వెళ్లి కంచు తెచ్చింది. కోచ్‌ని మార్చుకోవచ్చు. నాన్న అన్నామంటే బయటికెళ్లడం కూడా ద్రోహంలా కనపడుతుంది. సార్‌ని సార్ అనండి, చాలు.

మేడ మీద మల్లెతీగ:
బాబూ, మా ఆయన కూడా పీఈటీయే, ఖోఖో. ఆ డబ్బా సర్దింది ఎవరో ఎవరూ అడగలేదేం? నాలుగున్నరకి లేచి కిరసనాయిలు స్టవ్ మీద గుడ్లు పెట్టినదాన్ని నేను. కోపం రాలేదని అబద్ధం చెప్పను, నెలాఖర్లో బాగా వచ్చేది. ఇరవై ఏళ్లయ్యాక ఒక పిల్ల పెళ్లి శుభలేఖ పట్టుకొచ్చి, ఆయన్ని దాటుకుని వంటింట్లోకొచ్చి నా కాళ్లకి దణ్ణం పెట్టింది. ‘మేడం, ఆ గుడ్లలో పచ్చసొన మీద నల్లగీత ఎప్పుడూ ఉండేది కాదు’ అంది. ఎక్కువసేపు ఉడికితే వస్తుందది. నాకే గుర్తులేదు, తనకి గుర్తుంది. మీరేం అన్నా అనుకోండి గానీ, ఆవిడని కింద కుర్చీల్లో కూర్చోబెట్టకండి.

కూతగాడు:
అందరికీ థాంక్స్. షటిల్ బ్రో, నీ మాట కాదనను, కానీ నాకు అప్పుడు నాన్న లేడు కదా, ఆ మాట నాకు వేరే. దాన్ని నా ఒక్కడి తరఫునే చెప్తా, బ్యాచ్ మొత్తానికి అంటగట్టను.

మేడం, మీ రిప్లై చదివి నిన్న సాయంత్రం సార్ వాళ్లింటికి వెళ్లా. ఆయన లేరు, గ్రౌండ్‌కి వెళ్లారంట, ఇంకెక్కడికెళ్తారు. అమ్మగారిని అడిగా, రోజుకి ఎన్ని గుడ్లండీ అని. పద్నాలుగు అన్నారు వెంటనే. మా టీం పన్నెండు మందిమే. మిగతా రెండూ వాళ్ల పిల్లలకి అనుకున్నా. కాదంట, దారిలో పగుల్తాయని.

వాళ్లబ్బాయి పక్కనే ఉన్నాడు. “అవి పగిలేవి కాదన్నా, తిరిగొచ్చేవీ కాదు” అన్నాడు. ఆ రెండూ తిన్నది నేనూ మా లెఫ్ట్ కార్నర్ గాడూ. అక్కడే ఒప్పేసుకున్నా.