వార్తలన్నీ ఫోనులోనే అందిపోతున్నప్పుడు ఉత్తరంలో ఏమి రాయాలి?

ప్రశ్న: సిరాచుక్క

మిత్రులకు నమస్కారం. దూరదేశంలో స్థిరపడిన చిన్ననాటి స్నేహితురాలికి నెలకొక ఉత్తరం చేత్తో రాయాలని ఈ మధ్యే నిర్ణయించుకున్నాను. కాగితం, కవరు, స్టాంపులు అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను గాని, ‘మేము క్షేమం, నీవు కూడా క్షేమమని తలుస్తాను’ అన్న వాక్యం దాటి కలం సాగలేదు. మా సంగతులు ఆమెకు, ఆమె సంగతులు నాకు ఫోనులో ఎప్పటికప్పుడు తెలిసిపోతూనే ఉన్నాయి. ఉత్తరం చేరడానికి రెండు మూడు వారాలు పడుతుంది కనుక, అందులో నేను రాసే ఏ కబురైనా అప్పటికి పాతబడిపోయే ఉంటుంది. అలాంటప్పుడు ఇది కేవలం పాత రోజుల మీది మమకారమేనా, లేక ఉత్తరం మాత్రమే చేయగల పని ఏదైనా ఇంకా మిగిలి ఉందా? క్రమం తప్పక రాస్తున్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: తాజాకలం

కబుర్లు మోసే బరువు ఉత్తరం నెత్తిమీద నుంచి దిగిపోవడం మంచిదేనని నా అభిప్రాయం. బ్రిటన్‌లో 1840 నాటి సంస్కరణకు ముందు తపాలా రుసుమును చాలావరకు ఉత్తరం అందుకున్నవారే చెల్లించేవారు. అది కూడా దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి పెరిగేది. రెండో కాగితం వాడితే అవతలివారికి ఖర్చు ఎక్కువవుతుందని, నిండిపోయిన కాగితాన్నే పక్కకు తిప్పి, ముందు రాసిన వరుసల మీదుగా అడ్డంగా మళ్లీ రాసేవారు. చదివేవారి కళ్లు ఏమయ్యేవో మీరే ఊహించుకోండి. ఎవరికి జ్వరం తగ్గిందో, ఎవరికి పెళ్లి కుదిరిందో చెప్పడానికి వేరే దారి లేదు కనుక ఆ పాట్లు తప్పలేదు. మనకు ఆ అవసరం తీరిపోయింది.

ఫోనులో చెప్పడానికి మరీ చిన్నవనిపించిన వాటిని, లేదా మరీ పెద్దవనిపించిన వాటిని నేను ఉత్తరం కోసం దాచుకుంటాను. తెల్లవారుజామున మెలకువ వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు తోచిన ఆలోచన చిన్నది. పదేళ్ల కిందట మేమిద్దరం పోట్లాడుకున్న విషయంలో తప్పు నాదేనని ఈ మధ్య అర్థం కావడం పెద్దది. ఆ రెండోదాన్ని ఫోనులో ఎత్తబోతే అవతలి మనిషి ‘పోనీలే, ఇప్పుడెందుకు’ అని మధ్యలోనే తుంచేస్తారు. కాగితం మీద అలా ఎవరూ అడ్డు రారు. మొదలుపెట్టిన వాక్యం ఎంత తడబడినా చివరికంటా వెళ్లవచ్చు. అన్నట్టు, తీరా రాయడం ముగించి సంతకం పెట్టాక గాని నాకు అసలు మాట గుర్తుకు రాదు. నా ఉత్తరాల్లో తా.క. కిందికి చేరిన నాలుగు వరుసలే చాలాసార్లు పైదంతటికంటే బాగుంటాయి.

జవాబు: కొట్టివేత

నేను కొంత విభేదిస్తాను. మన మనసులో ఏముందన్న దానితోనే మొదలుపెడితే ఉత్తరం దినచర్య పుస్తకంలా తయారవుతుంది. మంచి ఉత్తరంలో సగం జవాబే ఉండాలి. అవతలివారి ఉత్తరాన్ని ముందు మరోసారి చదువుకుని ఆ తర్వాతే కలం పట్టమని ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ రచయిత లూయిస్ కారల్ 1890లో వెలువరించిన చిన్న పుస్తకంలో సూచించారు. ఆ మాట అనే అర్హత ఆయనకు నిండుగా ఉంది: 1861 నుంచి తాను పంపిన, అందుకున్న ఉత్తరాలను ఒక చిట్టాలో వరుస సంఖ్యలు వేసి నమోదు చేసుకుంటూ వచ్చారు, 1898లో మరణించేనాటికి ఆ సంఖ్య 98,721కి చేరింది. కోపం తెప్పించగల ఉత్తరం రాస్తే దాన్ని మర్నాటిదాకా పక్కన పెట్టి, మీకే వచ్చినట్టు చదువుకోమని కూడా ఆయన చెప్పారు. ఈ ఒక్క సలహా వల్ల నాకు ఇద్దరు మిత్రులు దక్కారు.

ఉత్తరం మొదలుపెట్టకముందే కవరు మీద చిరునామా రాసి స్టాంపు అంటించమన్నది ఆయన చెప్పిన మరో పద్ధతి. చివరి నిమిషంలో హడావిడిగా గిలికిన చిరునామా ఎవరికీ అంతుపట్టదన్నది ఆయన కారణం. పేరు పూర్తిగా రాసేసరికి ఆ మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టు ఉండడం నేను కనిపెట్టిన లాభం. మీది మొదటి ఉత్తరం కనుక జవాబివ్వడానికి ఏమీ లేదనుకోవద్దు. ఫోనులో ఆమె అన్న మాటల్లో మీరు అప్పుడు పట్టించుకోకుండా దాటవేసినది ఒకటైనా ఉంటుంది. దానికి ఇప్పుడు జవాబు రాయండి.

సిరాచుక్క

ఇద్దరికీ ధన్యవాదాలు. మరొక సందేహం. పంపేముందు ఉత్తరాన్ని ఫోటో తీసి దాచుకోవడం సబబేనా? ఏమి రాశానో కొన్నాళ్లకు నాకే గుర్తుండదని భయంగా ఉంది.

జవాబు: నీలికవరు

నేను దాచుకోను. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో తన తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాల్లో దాదాపు 650 నేటికీ ఉన్నాయి. థియో ఆయనకు రాసినవి మాత్రం కొన్ని పదులే మిగిలాయి. తమ్ముడు భద్రపరిచాడు, అన్న పెద్దగా పట్టించుకోలేదు. వేస్తున్న చిత్రం ఎలా వస్తోందో చెప్పడానికి వాన్ గో ఉత్తరంలోనే చిన్న బొమ్మ గీసి చూపేవాడు. ఆ గీతలు ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే అందుకున్నవారి పుణ్యమే. రాసినవారి చేయి దాటిపోవడం ఉత్తరానికి సహజం. ఫోటో తీసుకుంటానని ముందే అనుకుంటే, మున్ముందు చదవబోయే మీ కోసం కూడా రాయడం మొదలవుతుంది, భాష ముస్తాబు చేసుకుంటుంది, కొట్టివేతలు తగ్గుతాయి. అయితే దారిలో పోతుందన్న భయమే అయితే తీసుకోండి, తప్పేమీ లేదు.

ఆమె ఉన్న దేశంలో తపాలా ఏర్పాట్లు ఎలా ఉన్నాయో కూడా ఒకసారి విచారించండి. డెన్మార్క్‌లో 2025 చివరితో జాతీయ తపాలా సంస్థ ఉత్తరాల బట్వాడాకు స్వస్తి చెప్పింది, ఇప్పుడు ఆ పని ప్రైవేటు చేతుల్లో ఉంది.

సిరాచుక్క

విచారించాను, ఆమె ఉన్నచోట ఆ ఇబ్బంది లేదు. కవరు మీద పేరు, చిరునామా రాశాను. క్షేమసమాచారపు వాక్యాన్ని కొట్టేశాను గాని కాగితం మార్చలేదు. ‘ఇన్నేళ్లయినా ఇక్కడి చెట్ల పేర్లు నాకు తెలియవు’ అని పోయిన నెల ఆమె అన్నప్పుడు నేను ఏదో పనిలో ఉండి మాట మార్చాను. అక్కడి నుంచి మొదలుపెట్టాను. రెండో కాగితం సగం దాకా వచ్చింది.