ఒక పక్క చేయి, కాలు పడిపోయి నిద్ర లేచేసరికి మామూలైపోతున్నాయి: 14 నెలల పాపకు ఏ పరీక్షలు అడగాలి?

తొలిఅడుగు (ప్రశ్న)

పాపకు 14 నెలలు. రెండో నెలలో ఒక కన్ను మాత్రమే అటూ ఇటూ అదిరేది, కొన్ని నిమిషాల్లో ఆగిపోయేది. ఏడో నెల నుంచి ఒక పక్క చేయి, కాలు పట్టు లేకుండా వేలాడిపోతున్నాయి. ఒకసారి ఎడమ, మరోసారి కుడి. రెండు పక్కలా పడిపోయి మెడ కూడా నిలపలేకపోయిన సందర్భాలున్నాయి. కొన్ని అరగంటలో తగ్గిపోతాయి, కొన్ని రెండు రోజులు సాగుతాయి. ఆ సమయంలో తెలివిలోనే ఉంటుంది, పిలిస్తే చూస్తుంది. నిద్రపోయి లేస్తే చేయీ కాలూ బాగానే ఆడిస్తుంది, కానీ పెద్ద ఎటాక్ అయితే లేచిన పావుగంటకే మళ్లీ పడిపోతుంది. స్నానం తర్వాత, గట్టిగా ఏడ్చిన తర్వాత ఎక్కువ.

మెదడు ఎంఆర్ఐ, ఈఈజీ మామూలుగా ఉన్నాయి. ఫిట్స్ అనుకుని వాల్‌ప్రోయేట్ ఇస్తున్నారు. మోతాదు రెండుసార్లు పెంచినా తేడా లేదు. కూర్చోవడం ఆలస్యంగా వచ్చింది, ఇంకా నిలబడటం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి, ఏ పరీక్షలు అడగాలి, ఎటాక్ వచ్చినప్పుడు ఇంట్లో ఏం చేయాలి? దయచేసి వివరంగా చెప్పండి.

పిల్లల న్యూరో

అండీ, మీరు చెప్పిన వాటిలో అన్నిటికన్నా విలువైనది నిద్ర సంగతి. పక్కలు మారుతూ పడిపోవడం, నిద్రతో అది తగ్గిపోవడం, లేచిన 10-20 నిమిషాలకు తిరిగి రావడం, 18 నెలల లోపు మొదలవడం, అంతకు ముందే ఒక కన్ను అదరడం. ఇవన్నీ కలిస్తే ముందుగా అనుమానించాల్సింది ఆల్టర్నేటింగ్ హెమిప్లీజియా ఆఫ్ చైల్డ్‌హుడ్, పొట్టిగా ఏహెచ్‌సీ. 1971లో వెరెట్, స్టీల్ అనే వైద్యులు ఎనిమిది మంది పిల్లల్లో దీన్ని మొదటిసారి వర్ణించారు. అప్పుడు దీన్ని ఒక రకం మైగ్రేన్ అనుకున్నారు. సుమారు పది లక్షల మందిలో ఒకరికి వస్తుందని అంచనా. అందుకే చాలామంది పిల్లల డాక్టర్లు తమ సర్వీసులో ఒక్క కేసు కూడా చూసి ఉండరు. వాళ్లను తప్పుపట్టే పని లేదు, వాళ్లకు కనిపించేలా చూపించడమే మన పని.

చూపించడానికి వీడియోను మించింది లేదు. ఆసుపత్రికి చేరేలోపు పాప దారిలో నిద్రపోతుంది, అక్కడ డాక్టరు చూసేసరికి చేయి మామూలుగా ఉంటుంది. వీడియో ఇలా తీయండి: బట్టలు తీసేసి డైపర్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల నుంచి కాళ్ల దాకా ఫ్రేములో పడేలా రెండు మూడు నిమిషాలు. తర్వాత రెండు చేతుల్నీ కాస్త ఎత్తి వదిలి ఏది దబ్బున పడుతోందో చూపించండి. బొమ్మను ముందు ఆ పక్క నుంచి, తర్వాత ఈ పక్క నుంచి అందించండి. పేరు పెట్టి పిలిచి తిరిగి చూస్తోందో లేదో పట్టుకోండి, తెలివిలో ఉందని రుజువు అదే. కళ్లను దగ్గర నుంచి కనీసం అరనిమిషం తీయండి. చివరగా నిద్ర లేచిన క్షణం నుంచి 20 నిమిషాలు. ఈ ఆఖరి ముక్క చాలామంది తీయరు, నిర్ధారణకు ఎక్కువ పనికొచ్చేది అదే.

ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకోండి, అందులో ఒక్కో ఎటాక్‌కు ఒక్కో వరుస చాలు: మొదలైన గంట, ఏ పక్క, ముందు అరగంటలో ఏం జరిగింది, ఎప్పుడు నిద్రపోయింది, ఎప్పుడు లేచింది, లేచాక ఎన్ని నిమిషాలు బాగుంది. చేయి మెత్తగా వేలాడిందా, బిగుసుకుపోయి మెలితిరిగిందా అన్నది వేరుగా రాయండి. బిగుసుకోవడం డిస్టోనియా, అంటే కండరాలు వాటంతటవే బిగిసి మెలితిరగడం, కావచ్చు. దాన్ని ఫిట్స్ అనుకోవడం వల్లే మందులు మీద మందులు పెరుగుతాయి.

ఈఈజీ మామూలుగా ఉందన్నారు. అది ఎటాక్ జరుగుతుండగా తీసిందా, మధ్యలో తీసిందా? ఎటాక్ నడుస్తుండగా వీడియోతో కలిపి తీసిన ఈఈజీయే తేల్చి చెబుతుంది. ఏహెచ్‌సీ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి నిజమైన ఫిట్స్ కూడా వస్తాయి. కాబట్టి రెండూ ఉన్నాయా, ఒకటేనా అన్నది విడదీసి చూడాలి.

ఇక తోసిపుచ్చాల్సినవి. ఏడుపు తర్వాత పడిపోతోందన్నారు కదా, మోయామోయా అనే మెదడు రక్తనాళాల జబ్బులోనూ సరిగ్గా అలాగే జరుగుతుంది. గట్టిగా ఏడ్చినప్పుడు ఊపిరి వేగంగా తీసి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, నాళాలు కుంచించుకుపోతాయి. కాబట్టి తీసిన ఎంఆర్ఐలో రక్తనాళాల చిత్రం, అంటే ఎంఆర్ఏ, ఉందో లేదో రిపోర్టులో చూడండి. లేకపోతే అడగండి. ఎటాక్ సమయంలో వేలి రక్తంతో షుగర్ ఒకసారైనా చూడాలి. మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగాలు) జబ్బుల కోసం రక్తంలో లాక్టేట్ చూస్తారు. ఫిట్ తర్వాత వచ్చే టాడ్స్ పెరాలిసిస్‌లో ముందు ఫిట్ ఉండాలి, బలహీనత సాధారణంగా ఒకటిన్నర రోజు లోపు పోతుంది. గాఢ నిద్రలోంచి లేచినప్పుడే పడిపోయి, ఎదుగుదల పూర్తిగా మామూలుగా ఉండే మరో తేలిక రకం ఉంది. మీ పాపకు పగలు వస్తోంది, ఎదుగుదల వెనకబడింది కాబట్టి అది కాదనిపిస్తోంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. గ్లూట్1 లోపం, అంటే రక్తంలోని గ్లూకోజు మెదడులోకి సరిగా చేరకపోవడం, అచ్చం ఇలాగే కనబడవచ్చు. దానికి కీటోజెనిక్ ఆహారం అనే నికరమైన చికిత్స ఉంది, అందుకే దీన్ని వదిలేయకూడదు. 4-6 గంటలు పరగడుపున ఉంచి, ముందు రక్తం, వెంటనే వెన్నునీరు తీసి రెండింటి గ్లూకోజు పోల్చాలి. వెన్నునీటిలోది రక్తంలో దానికి 0.4 వంతు కన్నా తక్కువైతే అనుమానం బలపడుతుంది. రక్తం తర్వాత తీస్తే సూది భయానికి షుగర్ పెరిగి నిష్పత్తి తప్పుతుంది. ఆకలి మీద ఎక్కువై తిన్నాక తగ్గుతోందా అన్నది కూడా పుస్తకంలో రాయండి. వాల్‌ప్రోయేట్, ఫినోబార్బిటాల్ అనే ఫిట్స్ మందులు ఈ గ్లూకోజు రవాణానే ఇంకా తగ్గిస్తాయి. అందుకని ఈ పరీక్ష త్వరగా జరగాలి.

జన్యుపటం

పై జవాబుకు జన్యు పరీక్ష వైపు నుంచి కొంత చేరుస్తాను.

అడగాల్సిన జన్యువు ఏటీపీ1ఏ3, 19వ క్రోమోజోము మీద ఉంటుంది. ఏహెచ్‌సీకి దీనితో ఉన్న సంబంధం 2012లో బయటపడింది. నాడీకణం పొరలో ఉండే సోడియం-పొటాషియం పంపులో ఒక భాగాన్ని ఇది తయారుచేస్తుంది. ఆ పంపు ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. అది కుంటుపడితే కణం తిరిగి సర్దుకోవడానికి ఆలస్యమవుతుంది. ఉత్సాహం, ఏడుపు, వేడి, అలసట లాంటివి ఏవి వచ్చినా భారం మోయలేకపోతుంది. సరిగ్గా ఏ దారిలో ఒక పక్క పడిపోతుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

ఏహెచ్‌సీ పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మందికి పైగా ఈ జన్యువులో మార్పు దొరుకుతుంది. ఎక్కువగా కనబడేవి డి801ఎన్, ఈ815కె, జి947ఆర్. వీటిలో ఈ815కె ఉన్నవారికి జబ్బు తీవ్రంగా ఉండే అవకాశం ఎక్కువ. డి801ఎన్ ఉన్నవారిలో గుండె ఈసీజీ మార్పులు కనిపించాయి కాబట్టి రిపోర్టు చేతికి రాగానే ఈసీజీ తీయించాలి, తర్వాత ఏడాదికోసారైనా చూడాలి. ఏ మార్పు ఉన్నా, లేకపోయినా ఈసీజీ మానకండి.

వీలైతే పాప, అమ్మ, నాన్న ముగ్గురి రక్తంతో కలిపి చేసే ఎక్సోమ్, అంటే ప్రొటీన్లు తయారుచేసే జన్యుభాగాలన్నిటినీ ఒకేసారి చదివే పరీక్ష, అడగండి. దాదాపు అందరిలోనూ ఈ మార్పు బిడ్డలో కొత్తగా పుట్టినదే, తల్లిదండ్రుల్లో ఉండదు. ముగ్గురిదీ ఒకేసారి చూస్తే కొత్తదన్న సంగతి అప్పుడే తేలిపోతుంది, ‘అర్థం తెలియని మార్పు’ అనే రిపోర్టుతో నెలల తరబడి కూర్చునే పని ఉండదు. ఫారంలో ‘ఫిట్స్’ అని మాత్రమే రాసి పంపితే ల్యాబు వాళ్లు మూర్ఛ జన్యువుల వైపే చూస్తారు. ‘పక్కలు మారుతూ వచ్చే పక్షవాతం, నిద్రతో తగ్గుతుంది, ఒక కన్ను అదరడం’ అని రాయించండి. ఏటీపీ1ఏ2, సీఏసీఎన్ఏ1ఏ, ఎస్ఎల్‌సీ2ఏ1, పీఆర్ఆర్‌టీ2 అనే జన్యువులు కూడా చూడమని అడగండి. వీటిలో ఎస్ఎల్‌సీ2ఏ1 అన్నది గ్లూట్1 జన్యువు.

ఏటీపీ1ఏ3 లో ఏమీ దొరకలేదంటే ఏహెచ్‌సీ కాదని అర్థం కాదు. లక్షణాలు సరిపోతే నిర్ధారణ నిలబడుతుంది. మరో బిడ్డ విషయం చాలామంది అడగడానికి జంకుతారు, అడగండి. తల్లిదండ్రుల రక్తంలో మార్పు లేకపోతే ప్రమాదం చాలా తక్కువ, సుమారు నూటికి ఒకటి అని చెబుతారు. అండంలోనో వీర్యంలోనో కొన్ని కణాల్లో మాత్రమే మార్పు దాగి ఉండే అవకాశం ఉంది కాబట్టి సున్నా అనరు. ఇందులో ఎవరి తప్పూ లేదు. గర్భంలో తిన్నదీ, తిననిదీ, పడిన శ్రమా ఏదీ కారణం కాదు.

చేయూత ఫిజియో

ఎటాక్ వచ్చినప్పుడు చేతులతో చేసే పనులు చెబుతాను.

మొదలైందని తెలియగానే వెలుతురు, చప్పుడు తగ్గించి పాపను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పడిపోయిన చేతిని పట్టుకుని లేపకండి. పట్టు లేని భుజం సులువుగా జారుతుంది. లేపాల్సివస్తే వీపు కింద ఒక చేయి, తొడల కింద ఒక చేయి. పడిపోయిన చేతి కింద మడిచిన తువ్వాలు పెట్టండి, రెండు గంటలకోసారి పక్క మార్చండి. ఆ సమయంలో వ్యాయామాలు వద్దు, లాభం లేదు.

నిద్ర వస్తే రానివ్వండి, వచ్చేలా చూడండి. మందు ఇచ్చి నిద్రపుచ్చడం మాత్రం డాక్టరు రాసిచ్చిన పద్ధతిలో, రాసిచ్చిన మోతాదులోనే. మిడజోలం లాంటివి ఊపిరిని మందగింపజేస్తాయి.

తిండి విషయంలోనే ఎక్కువ ప్రమాదం. మూతి ఒక పక్కకు పోయి, చొంగ కారుతుంటే నోట్లో ఏదీ పోయకండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోజుల తరబడి సాగే ఎటాక్‌లో లేచిన తర్వాత వచ్చే ఆ 10-20 నిమిషాలే మీకు దొరికే సమయం. పాలు, మెత్తటి ఆహారం, మందులు అన్నీ పాప లేవకముందే సిద్ధం చేసి పక్కన పెట్టుకోండి. లేవగానే నిటారుగా కూర్చోబెట్టి, ముందు నీళ్లూ మందులూ, తర్వాత ఆహారం. మింగడం నెమ్మదించిందంటే అక్కడితో ఆపేయండి. రెండు పక్కలా పడిపోయి 6-8 గంటలు మూత్రం లేకపోతే ఇంట్లో ఆగవద్దు. ముక్కు గొట్టమో సెలైనో కావాలి.

స్నానం పడకపోతే నీళ్లు ఒంటి వేడికి దగ్గరగా, అయిదు నిమిషాల్లో ముగించి, ఒళ్లు ఆరకముందే వెచ్చటి బట్టలో చుట్టండి. అప్పటికీ వస్తుంటే తడిగుడ్డతో భాగాలుగా తుడవండి. ఎండలో అంచు వెడల్పు టోపీ. అయితే పాపకు ఇష్టమైనవన్నీ ఆపేయకండి. సంతోషం కూడా ఎటాక్ తెస్తుంది, అందుకని సంతోషమే లేకుండా పెంచుతామా? ఆట తర్వాత విశ్రాంతి ఉండేలా రోజును అమర్చండి.

ఎటాక్ లేని రోజుల్లో ఫిజియోథెరపీ, మాటల థెరపీ ఇప్పుడే మొదలుపెట్టండి, జన్యు రిపోర్టు కోసం ఆగకండి. నడకలో తూలడం, డిస్టోనియా, నేర్చుకోవడంలో వెనకబాటు ఎటాక్‌లు లేని రోజుల్లోనూ ఉంటాయి.

తొలిఅడుగు

చాలా కృతజ్ఞతలండీ. రిపోర్టు చూశాను, ఎంఆర్ఏ తీయలేదు. రెండు సందేహాలు. వాల్‌ప్రోయేట్ ఇప్పుడే ఆపేయమంటారా? ఏహెచ్‌సీ అని తేలితే మందు ఉందా?

పిల్లల న్యూరో

మీ అంతట మీరు ఆపకండి. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ‘గ్లూట్1 పరీక్ష అయ్యేదాకా దీని బదులు వేరేది ఇవ్వవచ్చా’ అని ఈ వారమే అడగండి. మార్చాలనుకుంటే వాళ్లే మెల్లగా తగ్గిస్తారు.

జబ్బును నయం చేసే మందు ఇంకా రాలేదు. ఎటాక్‌లు తగ్గించడానికి ఎక్కువగా వాడేది ఫ్లునారిజిన్. రాత్రిపూట ఒకసారి ఇస్తారు. సాధారణ మోతాదు రోజుకు 5-10 మి.గ్రా., ఈ వయసుకు అంతకన్నా తక్కువతో మొదలుపెడతారు. ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోయే మందు, సగం పోవడానికే రెండు వారాలకు పైగా పడుతుంది. అందుకని వారంలో ఫలితం లేదని తీర్పు చెప్పకండి, రెండు మూడు నెలలు పుస్తకంలో రాస్తూ చూడండి. చాలామందిలో ఎటాక్‌లు పూర్తిగా ఆగవు, తక్కువసార్లు, తక్కువసేపు వస్తాయి. మత్తు, బరువు పెరగడం ఉంటాయి. చేతులు వణకడం, కదలికలు మందగించడం కనబడితే చెప్పాలి. దీన్ని కూడా ఒక్కసారిగా మానకూడదు. పని చేయకపోతే టోపిరమేట్ లాంటివి ప్రయత్నిస్తారు.

ఎప్పుడైనా మత్తు ఇచ్చి పరీక్షో ఆపరేషనో చేయాల్సివస్తే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి, ఆ రోజు ఫ్లునారిజిన్ మానకండి. డిజాక్సిన్ అనే గుండె మందు పైన చెప్పిన సోడియం-పొటాషియం పంపునే అడ్డుకుంటుంది కాబట్టి గుండె డాక్టరుకూ ఈ సంగతి తెలియాలి.

నిర్ధారణ తేలేదాకా ప్రతి కొత్త ఎటాక్‌నూ ‘మళ్లీ అదే’ అనుకోకండి. జ్వరం, తలకు దెబ్బ, ఆగని వాంతులు, పిలిస్తే పలకకపోవడం, నిద్ర లేచాక కొద్దిసేపైనా కదలిక రాకపోవడం, వీటిలో ఏది ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి. పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగి ఆగి వచ్చినా, కుదుపులు 5 నిమిషాలు దాటినా నిర్ధారణ ఉన్నా లేకపోయినా అంతే. ఒక కాగితం మీద జబ్బు అనుమానం, వాడుతున్న మందులు, మోతాదులు, పాప బరువు రాసి డైపర్ల సంచిలో ఉంచండి. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు మొదటి అయిదు నిమిషాల్లో అడిగేవి ఇవే.