అప్‌డేట్: మా లాబ్రడార్ నీళ్లు తాగుతోంది

ఎండలు ముదిరాక మా లాబ్రడార్ నీళ్ల గిన్నె ముట్టడం లేదని అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో పనిచేసినవి రాస్తున్నాను.

ముందు కొలత. కిలో బరువుకి రోజుకి 50–60 మి.లీ. చొప్పున, 25 కిలోల కుక్కకి లీటరుంబావు నుంచి లీటరున్నర కావాలి. పొద్దున కొలిచి పోసి, రాత్రి మిగిలింది కొలిస్తే ఎంత తాగిందో తెలుస్తుంది. తిండిలోని తడి కూడా ఈ లెక్కలోదే. డ్రై ఫుడ్‌లో తేమ దాదాపు పదో వంతే, అందుకే గోరువెచ్చని నీళ్లు పోసి పది నిమిషాలు నానబెట్టి పెడుతున్నాం. అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదే. తినగా మిగిలింది మాత్రం వెంటనే తీసేయాలి, ఈ వేడికి పాడవుతుంది.

ప్లాస్టిక్ గిన్నె బదులు స్టీలుది పెట్టాం. అడుగున జిగురు పొర పడితే నీళ్లు మార్చినా వాసన పోదు, రోజూ తోమాల్సిందే. చికెన్ ఉడికించిన నీళ్లు రెండు చెంచాలు కలిపితే ఆత్రంగా తాగుతుంది. అందులో ఉప్పు వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

చిగుళ్లు జిగటగా ఉన్నా, మెడ మీద చర్మం పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా ఆలస్యం చేయకుండా వెటర్నరీ డాక్టరుకి చూపించండి.