శిఖం భూమికి (చెరువు లోపలి ముంపు నేలకు) మొక్కలను బట్టి పేరు పెట్టవచ్చునా?

తుంగగడ్డ:
నర్సంపేట వైపు చెరువుల చుట్టూ చిత్తడి నేల, చిట్టడవి, అడవి ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీస్తున్న మా బృందంలో ఒక వాదం తెగడం లేదు. నేలను బట్టి, నీటిని బట్టి కాక, నిలిచి ఉన్న మొక్కలను బట్టే పేరు పెట్టాలని నా పక్షం. బ్రిటన్‌లో 1975లో మొదలైన జాతీయ వృక్షజాల వర్గీకరణ ఆ పనే చేసింది. పొట్టి గడ్డికి 2 మీటర్ల చదరం, అడవి పైకప్పుకు 50 మీటర్ల చదరం క్వాడ్రాట్ (లెక్క కోసం నేల మీద గుర్తించే గడి) వేసి, అందులోని జాతులను లెక్కించిన తరువాతే ఆ మొక్కల సముదాయానికి పేరు పెట్టారు.

మత్తడి:
ఆ దేశంలో ఏడాది పొడవునా వాన పడుతుంది, మన చెరువు ఆరు నెలలకొక వేషం వేస్తుంది. భాద్రపదంలో కలువలు తేలే చోటే వైశాఖంలో పగుళ్లువారిన ఒండ్రు, నడుమ లొట్టపీసు కనిపిస్తాయి. ఒకే క్వాడ్రాట్‌కు రెండు పేర్లు వస్తాయి. పైగా 2017 నాటి మన దేశపు చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులను పరిధి నుంచి తప్పించాయి, చిత్తడి నేలల పరిరక్షణకు 1971లో కుదిరిన అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందమేమో వాటినీ చిత్తడి నేలలుగానే లెక్కిస్తుంది. కాకతీయుల చెరువుల గడ్డ మీద ఆ నిబంధనలు అడిగేది ఏ మొక్క మొలిచిందని కాదు, కట్ట ఎందుకు కట్టారని.

మోదుగ:
చట్టం సంగతి వేరు, వర్గీకరణ సంగతి వేరు. మత్తడి గారు రెండింటినీ కలిపేశారు. అయితే నిలిచి ఉన్నదే ప్రమాణమన్న తుంగగడ్డ గారి మాట కూడా చిట్టడవి దగ్గర నిలవదు. 1968లో అటవీ శాస్త్రవేత్తలు ఛాంపియన్, సేఠ్ మన దేశపు అడవులను 16 సమూహాలుగా విభజించినప్పుడు, ఆకురాల్చే అడవి గొడ్డలికీ మేకకూ చిక్కి పొదగా మారితే దాన్ని ఆ అడవి క్షీణించిన దశగానే చూపి, ముళ్ల అడవిని వేరే సమూహంలో ఉంచారు. పైకి రెండూ పొదలే. మొదళ్లు చూడండి: నరికిన టేకు, తునికి, మోదుగ మళ్లీ చిగురిస్తుంటే అది ముళ్ల అడవి కాదు. ఏటూరునాగారం దారిలో పోడు వదిలిన నేలలను బీడు అని రాసి పడేసేవారికి ఈ మాట ఎంత చెప్పినా ఎక్కదు.

తుంగగడ్డ:
మొదళ్ల మాట ఒప్పుకుంటాను, అవీ మొక్కలే కదా. ఋతువుల చిక్కుకూ విరుగుడు ఉంది. వానాకాలం చివర ఒకసారి, ఎండల్లో ఒకసారి లెక్కించి, 60 శాతానికి మించిన క్వాడ్రాట్లలో కనిపించిన జాతులనే స్థిర జాతులుగా తీసుకోవాలి. తుంగ ఆకు ఎండినా గడ్డ మట్టిలోనే ఉంటుంది కనుక తవ్వి చూడవచ్చు.

మత్తడి:
తవ్వడానికి అభ్యంతరం లేదు. మా ఊరి శిఖంలో పైన సర్కారు తుమ్మ కమ్మేసింది, కింద తుంగగడ్డలు ఇంకా దొరుకుతున్నాయి. ఆ చోట మీ పటం మీద చిత్తడి నేల రంగు వేస్తారా, చిట్టడవి రంగు వేస్తారా?