ఊదే పరీక్షలో దొరికిన పైలట్ పేరు బయటపెట్టాలా?

రోస్టర్ డెస్క్

బ్రీత్ ఎనలైజర్‌లో పైలట్‌కి పాజిటివ్ వచ్చిందన్న వార్త పడగానే కింద కామెంట్లలో అందరూ అడిగేది ఒక్కటే: పేరెందుకు దాస్తున్నారు? పేరు బయటపెట్టకూడదన్నది నా మాట. ముందు ఆ పరీక్ష ఎలా జరుగుతుందో చూడండి.

పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన ప్రకారం డ్యూటీకి 12 గంటల ముందు నుంచి మందు ముట్టకూడదు. ఊదితే 0.000 రావాలి. పాజిటివ్ వస్తే 15–20 నిమిషాలు ఆగుతారు. ఈలోగా మొహం కడుక్కుని నోరు పుక్కిలించుకోవచ్చు. తర్వాత మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో కంట్రోల్ టెస్ట్‌తో చూసుకుని, సాక్షి ఎదుట రెండోసారి ఊదిస్తారు. అదీ పాజిటివ్ అయితే లైసెన్స్ మొదటిసారి 3 నెలలు, రెండోసారి 3 ఏళ్లు సస్పెండ్ అవుతుంది, మూడోసారి రద్దే.

ఇది ఎక్కువగా విమానం ఎక్కకముందు జరిగేది. అలా దొరికిన మనిషి అసలు విమానం నడపనే లేదు. అయినా జనం నోట «తాగి నడిపాడు» అన్న మాటే నిలబడిపోతుంది. పైగా రక్తంలో ఆల్కహాల్‌కి అమెరికాలో పరిమితి 0.04 శాతం, యూరప్‌లో 0.02. అక్కడ చర్య ఉండని రీడింగ్‌కి ఇక్కడ ఉద్యోగం ఆగుతుంది.

విశాఖ ప్రయాణికుడు

డెస్క్ గారూ, లెక్క వేసి చూద్దాం. 60 మి.లీ. లార్జ్ ఒకటి తాగితే 70 కిలోల మగవాడి రక్తంలో ఆల్కహాల్ ఇంచుమించు 0.04 శాతానికి చేరుతుంది. గంటకి తగ్గేది 0.015 దాకానే. నిద్రపోయినా, మజ్జిగ తాగినా, కాఫీ తాగినా ఆ వేగం పెరగదు. 12 గంటల్లో దిగేది 0.18, అంటే నాలుగు లార్జ్‌ల పైచిలుకు. నియమం పాటించాక కూడా పాజిటివ్ వచ్చిందంటే అంతకన్నా ఎక్కువ తాగి ఉండాలి. అంత తాగలేదంటే 12 గంటల నియమమే తప్పి ఉండాలి. ఈ రెంటిలో దేన్ని క్షమించమంటారు?

2018 నవంబరులో ఢిల్లీ–లండన్ విమానానికి ముందు ఎయిర్ ఇండియా ఆపరేషన్స్ డైరెక్టరే ఈ పరీక్షలో తప్పారు. ఆయన ఆ ఫలితమే తప్పన్నారు, అయినా 3 ఏళ్ల సస్పెన్షన్ పడింది. ఆ పేరు పత్రికల్లో రాకపోతే అంత పెద్ద పదవిలో ఉన్నవారి మీద చర్య తీసుకునేవారని నాకు నమ్మకం లేదు.

ల్యాబ్ మనిషి

మీ లెక్క రక్తానికి సరిపోతుంది, నోటికి సరిపోదు. ఊదించే ఫ్యూయల్ సెల్ మిషన్ ఊపిరిలోని ఆల్కహాల్‌ని కొలుస్తుంది. అది ఊపిరితిత్తుల నుంచి వచ్చిందా, చిగుళ్ల దగ్గర మిగిలిన మౌత్‌వాష్ నుంచి వచ్చిందా అన్నది ఒక్క రీడింగ్‌తో తేలదు. నోట్లోది పావుగంటలో పోతుంది, రక్తంలోది పోదు. రెండో పరీక్షకి ఆగేది అందుకే. మొదటిది 0.030 వచ్చి 20 నిమిషాల తర్వాత 0.000 వస్తే అది నోటిదే. 0.030 వచ్చి 0.026 వస్తే తాగిందే, అక్కడ నేనూ మీ పక్షమే. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ లాంటివి వాడొద్దని డీజీసీఏ 2023లో నిబంధనలోనే చేర్చింది కాబట్టి తెలియదన్న సాకు ఇప్పుడు చెల్లదు. తెలియక మౌత్‌వాష్ వాడడం నిర్లక్ష్యం. దాన్ని తాగుబోతుతనం కింద జమకట్టడం మాత్రం అన్యాయం.

పేరు సంగతికొస్తే, 1990 మార్చిలో అమెరికాలో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ముగ్గురు తాగి ఫార్గో నుంచి మినియాపొలిస్‌కి ప్రయాణికులతో విమానం నడిపారు. ముగ్గురూ జైలుకి వెళ్లారు. ఆ కెప్టెన్ చికిత్స తీసుకుని, లైసెన్సులన్నీ మళ్లీ మొదటినుంచి సంపాదించి, అదే సంస్థలో బోయింగ్ 747 విమాన కెప్టెన్‌గా రిటైరయ్యారు. 2001లో అధ్యక్షుడి క్షమాభిక్ష కూడా దొరికింది. వ్యసనం ఉన్న పైలట్లని గుర్తించి, చికిత్స చేయించి, నిఘాలో మళ్లీ ఎగరనిచ్చే పద్ధతి అమెరికాలో 1970ల నుంచీ ఉంది. పేరు రచ్చకెక్కుతుందంటే తనకి జబ్బుందని ముందుకొచ్చి చెప్పేవాడెవడు? కాక్‌పిట్‌లో పక్క సీట్లోవాడు మాత్రం నోరు విప్పుతాడా?

విశాఖ ప్రయాణికుడు

ఆ కెప్టెన్ పేరు దేశమంతా మారుమోగాకే కదండీ కోలుకున్నది! పేరు వస్తే మనిషి పైకి లేవలేడన్న మాట ఆయన విషయంలోనే నిలబడలేదు. మొదటిసారి దొరికినవాళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. రెండోసారి కూడా దొరికితే దాచకూడదు.

నైట్ ల్యాండింగ్

మందు గురించే ఇంత మాట్లాడుకుంటున్నాం. 2010 మే 22న మంగళూరులో విమానం కూలి 158 మంది పోయారు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడని, గురక కాక్‌పిట్ రికార్డర్‌లో వినిపించిందని, ఆ నిద్రమత్తు నిర్ణయాన్ని దెబ్బతీసిందని విచారణ తేల్చింది. కో-పైలట్ మళ్లీ పైకి లేపమని ఒకటికి రెండుసార్లు చెప్పినా వినలేదు. ఊదే పరీక్షలా నిద్రమత్తుని పట్టే మిషన్ మాత్రం లేదు. తెల్లవారుజామున «అలసిపోయాను, నడపలేను» అన్న పైలట్‌ని బద్ధకస్తుడంటారు, ప్రయాణికులూ తిడతారు. అలా ఆగినవాడికి పేరుకి మచ్చ రాకుండా చూడమని కూడా ఈ చర్చలో ఎవరైనా అడగాలి.

రోస్టర్ డెస్క్

ప్రయాణికుడి గారి రెండోసారి నియమానికి సరే. కాకపోతే 3 నెలల సస్పెన్షన్ వార్త వేసేటప్పుడు రెండు రీడింగులూ, మధ్యన ఎన్ని నిమిషాల తేడా ఉందో, కంట్రోల్ టెస్ట్ ఫలితమూ కూడా వేయాలి. ప్రింటవుట్‌లో ఎలాగూ అవన్నీ ఉంటాయి.