హాస్టల్ సీటు రాని ముస్లిం విద్యార్థినులకు మద్దిలపాలెంలో గది ఇవ్వరా?

తీరం_చదువరి: హాస్టల్ సీటు రాలేదు. స్నేహితురాలితో కలిసి విశాఖలో మద్దిలపాలెం, చినవాల్తేరు వీధుల్లో టూలెట్ బోర్డులు చూస్తూ తిరుగుతున్నాను. గది చూపిస్తారు, అద్దె చెబుతారు. ఆధార్ కార్డు తీయగానే "మా అబ్బాయిని అడిగి చెబుతామమ్మా" అంటారు. మరునాడు చూస్తే బోర్డు అలాగే ఉంటుంది. దీనిమీద కళాశాలకు ఫిర్యాదు చేయవచ్చా?

వాల్తేరు_పెద్దాయన: అమ్మా, ఇది మతం గొడవ కాదు, వంటింటి గొడవ. మా ఇంట్లో నీచు వండరు. ఆ మాత్రం షరతు పెట్టే హక్కు ఇంటివాడికి లేదా? ఒక కుర్రాడు మూడు నెలల అద్దె ఎగ్గొట్టి రాత్రికి రాత్రి వెళ్లిపోయాడు. అతనిది మా కులమే. అప్పు చేసి ఇల్లు కట్టుకున్నవాడి బాధ మీకేం తెలుసు?

ఇసుకతోట: మీ కులం కుర్రాడు ఎగ్గొడితే ముస్లిం పిల్లలకు గది ఇవ్వకపోవడం ఏమిటండీ?

తీరం_చదువరి: నీచు వద్దంటే ముందే చెప్పవచ్చు కదండీ. నన్ను కాదన్న ఒక ఇంట్లో మేడమీద అద్దెకున్నవాళ్లు కోడికూర వండుకుంటున్నారు. మెట్ల దగ్గరే మసాలా వాసన వచ్చింది.

వాల్తేరు_పెద్దాయన: నేను చెప్పింది నా ఇంటి సంగతి. వంట విషయానికి సూటిగా జవాబు చెప్పండి.

న్యాయశాస్త్రం_చివరి_ఏడు: ఉన్నత విద్యాసంస్థలకు యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) పెట్టిన 2012 నిబంధనలు మతవివక్షను నిషేధించాయి. ప్రతి సంస్థలోనూ సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నాయి. కానీ అవి బయటి ఇంటి యజమానికి వర్తించవు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ల పేరెత్తింది గానీ అద్దె ఇళ్ల పేరెత్తలేదు. హాస్టల్ సీట్లు పెంచమని పోరాడటమే మార్గం.

వాల్తేరు_పెద్దాయన: చట్టం నా వైపే ఉందిగా!

ఇసుకతోట: చట్టం సరే. ఆడపిల్లను గుమ్మంలో నిలబెట్టి అబద్ధం చెప్పి పంపడం ఏ ధర్మం? అసలు కారణం చెప్పండి.

వాల్తేరు_పెద్దాయన: చెబుతాను. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. వారిలో మన విశాఖవాసి ఉన్నారు. అప్పటి నుంచి మా ఇంటావిడకు భయం. రేపు ఏదైనా జరిగితే పోలీసులు ముందు నా తలుపే కొడతారు.

తీరం_చదువరి: ఇన్నాళ్లూ ఎవరూ నా ముఖం మీద అనని మాట ఇదే. ఆ వార్త విని మా ఇంట్లోనూ ఎవరికీ ముద్ద దిగలేదు. మరునాడు తరగతిలో అధ్యాపకుడు నన్నొక్కదాన్నే లేపి "దీనిమీద నీ అభిప్రాయం ఏమిటి?" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. నాకు నోరు పెగల్లేదు. ఆ తర్వాత చాలా రోజులు వెనక బెంచీ నుంచి ఒక తిట్టు వినిపించేది. ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయని ఫిర్యాదు చేయలేదు. మీ ఇంటావిడ భయాన్ని కాదనను. రాత్రి గ్రంథాలయం మూశాక పాతనగరంలోని బంధువుల ఇంటికి నేను ఒంటరిగా వెళ్తుంటే మా అమ్మకూ భయమే. ఎవరో చేసిన హత్యలకు నేనెందుకు సంజాయిషీ చెప్పాలి?

వాల్తేరు_పెద్దాయన: నిన్ను అనలేదమ్మా. లోకం తీరు చెప్పాను.

తీరం_చదువరి: గది దొరకనిది నాకండీ, లోకానికి కాదు.

న్యాయశాస్త్రం_చివరి_ఏడు: చెల్లీ, వెనక బెంచీ తిట్లను వదలకు. మతం పేరుతో వేధించడం కూడా ర్యాగింగేనని యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనల 2016 సవరణ చెబుతోంది. అధ్యాపకుడి సంగతి వివక్ష నిరోధక అధికారికి రాతపూర్వకంగా ఇవ్వు. తేదీ, తరగతి, ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాయి. నీ దగ్గర ఉంచుకునే నకలు మీద అందినట్టు సంతకం తీసుకో.