పాత బోటుకు కొత్త ఇంజన్, కొత్త డ్రైవ్: పాత రంధ్రంలోనే కూర్చుంటాయా?

ప్రశ్న:
నా దగ్గర 1974 నాటి 19 అడుగుల ఫైబర్ మోటార్‌బోటు ఉంది. మా నాన్నగారు నడిపిన బోటు, అమ్మే ఆలోచన లేదు. అందులో 120 హార్స్‌పవర్ 4 సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ఓఎంసీ కంపెనీ స్ట్రింగర్ డ్రైవ్ (ఇంజన్ బలాన్ని ప్రొపెల్లర్‌కు చేర్చే భాగం) ఉన్నాయి. చలికాలంలో ఇంజన్‌లో నీళ్లు పూర్తిగా దించకుండా వదిలేశాను, గడ్డకట్టి బ్లాక్ పగిలింది. డ్రైవ్‌లో గేర్లు కూడా అరిగిపోయాయి. రెండూ తీసేసి మెర్‌క్రూజర్ 4.5 లీటర్ల వీ6, 200 హార్స్‌పవర్ ఇంజన్, దానితో ఆల్ఫా డ్రైవ్ పెడదామనుకుంటున్నాను. ఈ వారంలోనే అడ్వాన్స్ కట్టాలి. బోటు వెనక గోడలోని పాత రంధ్రంలోనే కొత్త డ్రైవ్ కూర్చుంటుందా? 200 మరీ ఎక్కువా? కాస్త టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటి జవాబు:
అడ్వాన్స్ ఈ వారం ఆపండి సార్. పాత రంధ్రంలో కూర్చోదు. అయితే రంధ్రం కంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది.

మీ పాత డ్రైవ్ పేరులోనే అది ఉంది. ఆ పద్ధతిలో ఇంజన్, డ్రైవ్ రెండూ బోటు అడుగున పొడవునా ఉండే దూలాల మీద, అంటే స్ట్రింగర్ల మీద నిలబడతాయి. బోటును ముందుకు నెట్టే బలమంతా ఆ దూలాలకే పోతుంది. వెనక గోడకు, అంటే ట్రాన్సమ్‌కు, పెద్ద రంధ్రం చేసి చుట్టూ రబ్బరు సీలు పెట్టారు. నీళ్లు లోపలికి రాకుండా ఆపడం తప్ప డ్రైవ్ తరఫున ఆ గోడకు పెద్ద పని లేదు.

ఇప్పుడు మీరు పెట్టబోయే డ్రైవ్ నేరుగా ట్రాన్సమ్‌కే బోల్టులతో బిగుస్తుంది. ఇంజన్ వెనక మౌంట్లు (ఆధారాలు) కూడా ట్రాన్సమ్ లోపలి ప్లేటు మీదే కూర్చుంటాయి. అంటే దాదాపు 50 ఏళ్లుగా ఆ పని ఎరగని గోడ మీద 200 గుర్రాల బలం పెడుతున్నారు. అందుకే మీ పని ఇంజన్‌తో కాదు, ట్రాన్సమ్‌తో మొదలవుతుంది.

ముందు స్క్రూడ్రైవర్ పిడితో ట్రాన్సమ్ అంతా తట్టండి. లోపలున్న ప్లైవుడ్ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, నానినది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట లోపలి వైపు నుంచి 6 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం వేసి పొట్టు చూడండి. పొడిగా, లేత రంగులో రాలితే మంచిదే. నల్లగా, తడిగా వస్తే లోపల చివికిపోయినట్టు. స్ట్రింగర్లకూ ఇదే పరీక్ష. చూసిన రంధ్రాలన్నీ అదే రోజు ఎపాక్సీ జిగురుతో మూసేయండి.

నేను ఒకప్పుడు ఈ పని చేయకుండా ఇంజన్ కొనేశాను. రిపేరు చేసే చోట పైపైన చూసి ట్రాన్సమ్ బాగుందన్నారు. పాత ప్లేటు విప్పితే లోపలి ప్లైవుడ్ చేత్తో గీకితే ఊడొచ్చింది. కొత్త ఇంజన్ ఒక సీజనంతా షెడ్డులో పడి ఉంది. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

రెండో జవాబు:
ఓఎంసీ 2000 చివర్లో దివాలా తీసింది. ఆ స్ట్రింగర్ డ్రైవ్‌ల తయారీ అంతకు చాలా ముందే ఆగిపోయింది. పాత బోట్ల నుంచి విప్పిన గేర్లు అక్కడక్కడా దొరుకుతాయి కానీ, కొత్త ఇంజన్ వెనక వాటిని పెట్టకండి. డ్రైవ్ మార్చాలన్న మీ నిర్ణయం సరైనదే.

ఇంకో దారి ఉంది. రంధ్రం మూసేసి, బ్రాకెట్ మీద అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే ఇంజన్) పెట్టొచ్చు. 150 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ బరువు మోడల్‌ను బట్టి సుమారు 205 నుంచి 235 కిలోలు ఉంటుంది, ఇంజన్ గదంతా ఖాళీ అవుతుంది, నిర్వహణ తేలిక. కాకపోతే బరువంతా వెనక్కి జరుగుతుంది, బోటు రూపం మారిపోతుంది. ట్రాన్సమ్ ఎలాగూ గట్టిగా ఉండాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. అవుట్‌బోర్డ్ తేలికని తెలుసు, కానీ వెనక ఆ పలక, దాని మీద కూర్చునే చోటు నాన్నగారికి చాలా ఇష్టం. రూపం మార్చలేను.

తట్టి చూశాను. పై సగం బాగానే పలికింది. రంధ్రం అంచు కింద, రెండు కింది మూలల్లో మొద్దుగా పలికింది. అక్కడ నల్లటి తడి పొట్టు వచ్చింది. స్ట్రింగర్లు పొడిగా ఉన్నాయి. రంధ్రం మూసేసి, తడిగా ఉన్న ముక్క వరకు మారిస్తే సరిపోదా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
సరిపోదండీ. ప్రొపెల్లర్ నీళ్లలో, డ్రైవ్‌ను గోడకు బిగించే ప్లేటు కంటే బాగా కింద తోస్తుంది. ఆ తోపుకు ప్లేటు కింది అంచు గోడను లోపలికి నొక్కుతుంది, పై బోల్టులు గోడను బయటికి లాగుతాయి. మీకు కుళ్లింది సరిగ్గా కిందే. అక్కడ అతుకు పెడితే బలమంతా అతుకు మీదే పడుతుంది. లోపలి ప్లైవుడ్ మొత్తం ఒకే పొరగా మార్చండి. బయటి ఫైబర్ చర్మాన్ని ముట్టుకోకుండా లోపలి వైపు నుంచి చేస్తే రంగు, రూపం చెడవు.

రంధ్రం మూసేటప్పుడు అంచును నిలువుగా వదలకండి. ఫైబర్ మందానికి 12 రెట్లు వెడల్పుగా వాలు గీకి, దాని మీద ఎపాక్సీతో పొరలు వేయండి. నిలువు అంచుకు అతికించిన ముక్క ఎప్పుడో ఒకప్పుడు అంచు చుట్టూ పగులుతుంది.

కొత్త గోడ మందం 2 నుంచి 2¼ అంగుళాల మధ్య రావాలి, డ్రైవ్ బిగించే చోట లోపలి ముఖం, బయటి ముఖం సమాంతరంగా ఉండాలి. ఈ డ్రైవ్‌లు సుమారు 13 డిగ్రీల వాలున్న ట్రాన్సమ్‌ను లెక్కలో పెట్టుకుని చేసినవి. మీ వాలు కొలిచి, డ్రైవ్ మాన్యువల్‌తో సరిచూసుకోండి. గోడ తయారయ్యాకే తయారీదారు టెంప్లేట్ పెట్టి, అడుగు నుంచి ఎత్తు కొలిచి కొత్త రంధ్రం కోయండి. కోసిన ప్లైవుడ్ అంచుకు ఎపాక్సీ రెండు మూడు పూతలు తప్పనిసరి. నీళ్లు ఎప్పుడూ ఆ అంచు నుంచే దూరతాయి.

200 గురించి అడిగారు. వేగం సుమారుగా పవర్ వర్గమూలంతో పెరుగుతుంది. 120 నుంచి 200కి వెళితే, బరువు అంతే ఉంటే, దాదాపు 29 శాతం ఎక్కువ వేగం. బోటు అడుగు, స్టీరింగ్ దానికి తట్టుకోవాలి కాబట్టి బోటు తయారీదారు చెప్పిన పరిమితి ముందు చూడండి. దాటుతుంటే 135 దగ్గరి ఇంజన్ చాలు, అందులో నామోషీ ఏమీ లేదు.

మూడో జవాబు:
ఎగ్జాస్ట్ సంగతి ఎవరూ చెప్పలేదు. బోటును మామూలుగా ఎక్కే మనుషులతో, నిండు ట్యాంకుతో నీళ్లలో ఆపి, నీటి గీత గుర్తు పెట్టండి. ఎగ్జాస్ట్ మోచేయి (పొగ గొట్టం వంపు) ఆ గీతకు ఎంత పైన ఉండాలో ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది. తక్కువైతే నీళ్లు వెనక్కి వచ్చి సిలిండర్లలోకి పోతాయి. మీ ఇంజన్ పగిలి ఉంది కాబట్టి తీసే ముందే, బోటును లాక్కెళ్లయినా ఈ కొలత తీసుకోండి. తీశాక ఆ బరువు ఉండదు, గీత తప్పుతుంది.

పెట్రోల్ పైపులన్నీ కొత్తవే వేయండి, ఇంజన్ గదిలో ఏ1-15 రకం (మంటకు తట్టుకునే పైపు) వాడండి. నీటిని వేరుచేసే ఫిల్టర్ పెట్టండి. స్టార్టర్, ఆల్టర్నేటర్ కారువి వాడొద్దు. మెరైన్ వాటి నిప్పురవ్వ బయటికి రాదు, కారు వాటికి ఆ హామీ లేదు. బ్లోయర్ (ఇంజన్ గదిలోని పెట్రోల్ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) 4 నిమిషాలు నడిపాకే తాళం తిప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అడ్వాన్స్ వాయిదా వేశానండీ. నీటి గీత కొలత ఈ ఆదివారమే. చివరగా ఒకటి: అన్నీ బిగించాక, నీళ్లలో దించే ముందు ఏది సరిచూసుకోవాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అలైన్‌మెంట్, అంటే ఇంజన్, డ్రైవ్ ఒకే వరుసలో ఉన్నాయా అన్నది. డ్రైవ్ ఎక్కించకముందే అలైన్‌మెంట్ బార్‌ను వెనక నుంచి గింబల్ బేరింగ్ (ట్రాన్సమ్ దగ్గర డ్రైవ్ షాఫ్టును మోసే బేరింగ్) గుండా ఇంజన్ కప్లర్‌లోకి (ఆ షాఫ్టు దూరే పళ్ల భాగంలోకి) తోయండి. రెండు వేళ్లతో జారాలి. జారకపోతే ముందు మౌంట్లను కొంచెం పైకీ కిందికీ సర్దండి. బార్ కొసకు గ్రీజు రాసి తోసి తీస్తే, పళ్ల గుర్తులు చుట్టూ సమానంగా పడాలి. ఒకవైపే పడితే మళ్లీ సర్దండి. ఇది వదిలేస్తే బేరింగ్, కప్లర్ రెండూ పోతాయి.

నీళ్లలోకి దిగాక ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం రాసుకోండి. మాన్యువల్ చెప్పిన పరిధి కంటే 400 తగ్గితే ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు అది ముందుకు వెళ్లే దూరం) 2 అంగుళాలు తగ్గించి చూడండి. ఒక్కో అంగుళానికి 150 నుంచి 200 ఆర్‌పీఎం మారుతుంది. కొలతలు వచ్చాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.